టీచర్ల చేతికి తుపాకీ: అమెరికాలో మన తల్లిదండ్రులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఆదివారం తెలుగు తరగతి అయిపోయాక, పిల్లల్ని కార్లెక్కిస్తూ పార్కింగ్‌లో నిలబడి అడిగే ప్రశ్నలివి. ఎక్కడో ఒక బడిలో కాల్పులు జరిగిన వారమైతే అందరూ ఒకేసారి అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కంటే రాసి పెట్టడం నయమనిపించింది. మేముండేది ఉత్తర టెక్సాస్‌లో, మా ఇద్దరు పిల్లలూ ప్రభుత్వ బడికే వెళ్తారు. అందుకని టెక్సాస్ సంగతులు కాస్త ఎక్కువే ఉంటాయి. నేను లాయర్ని కాదు. చట్టాలు ఏటా మారుతుంటాయి కనుక ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు మీ స్కూల్ డిస్ట్రిక్టుని, అంటే మీ ఊరి ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థని, అడిగి తేల్చుకోండి. పాఠం చెప్పే మనిషి నడుముకి తుపాకీ ఉండకూడదన్నది నా గట్టి అభిప్రాయం. అవతలివాళ్ళ మాటలో బలం ఉన్నచోట అదీ రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## మొదటిసారి వింటున్నప్పుడు

టీచర్లకి తుపాకులిస్తారు అంటే ఏమిటి? ప్రతి క్లాసులో ఒకటి పెడతారా?

లేదు. ఏ రాష్ట్రంలోనూ టీచర్లందరికీ పంచిపెట్టడం లేదు. తమంతట తాము ముందుకొచ్చిన కొద్దిమందికి, అంటే ఒక టీచరుకో, కోచ్‌కో, అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌కో, ఆఫీసులో పనిచేసే వాళ్ళకో, బడి ఆవరణలో పిస్తోలు దగ్గరుంచుకోవడానికి అనుమతిస్తారు. చాలాచోట్ల డిస్ట్రిక్టుకి పైనుండే స్కూల్ బోర్డు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. బయటికి కనపడకుండా బట్టల కింద పెట్టుకుంటారు, కొన్నిచోట్ల తాళం వేసిన పెట్టెలో ఉంచుతారు. యూనిఫాంలో గేటు దగ్గర కనిపించే స్కూల్ రిసోర్స్ ఆఫీసర్ వేరు. ఆయన పోలీసు, ఆయన ఉద్యోగమే అది. ఈ ఇద్దరినీ కలిపేసి మాట్లాడుకోవడం వల్లే సగం గందరగోళం.

ఈ ఆలోచన ఎప్పుడు మొదలైంది?

టెక్సాస్‌లో హారొల్డ్ అనే చిన్న పల్లె ఉంది. బడి మొత్తం కలిపి సుమారు వంద మంది పిల్లలు. పోలీసు సాయం మైళ్ళ దూరంలో ఉందని 2007లోనే అక్కడి బోర్డు సిబ్బందికి తుపాకీ అనుమతించింది. అప్పట్లో అదొక వింత వార్త. 2012 డిసెంబర్ 14న కనెటికట్‌లోని శాండీ హుక్ బడిలో 20 మంది చిన్నపిల్లలు, ఆరుగురు పెద్దవాళ్ళు చనిపోయాక ఇది దేశమంతటి చర్చ అయింది. సరిగ్గా వారానికి, తుపాకీ హక్కుల కోసం పోరాడే నేషనల్ రైఫిల్ అసోసియేషన్ నాయకుడు, తుపాకీ పట్టిన చెడ్డవాణ్ణి ఆపగలిగేది తుపాకీ పట్టిన మంచివాడొక్కడే అన్నాడు. 2013లో సౌత్ డకోటా చట్టం చేసింది, టెక్సాస్ 'స్కూల్ మార్షల్' పద్ధతి తెచ్చింది, అంటే శిక్షణ పొంది బడిలో తుపాకీ ఉంచుకునే ఉద్యోగి.

2018 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్‌లో 17 మంది పోయాక ప్రెసిడెంట్ ట్రంప్ టీచర్లలో ఐదోవంతు మందికి తుపాకులుండాలన్నాడు. ఫ్లోరిడా ఆ ఏడాది క్లాసు టీచర్లను మినహాయించి మిగతా సిబ్బందికి అనుమతిచ్చింది, 2019లో క్లాసు టీచర్లకూ ఇచ్చింది. 2022లో టెక్సాస్‌లోని ఉవాల్డే అనే ఊరి బడిలో కాల్పులు జరిగిన మూడు వారాల్లో ఒహాయోలో గవర్నర్ సంతకం పడింది. 2023లో నాష్‌విల్‌లోని కవనెంట్ స్కూల్లో ముగ్గురు పిల్లలు, ముగ్గురు పెద్దలు చనిపోతే 2024లో టెనెసీ చట్టం వచ్చింది. ఈ చట్టాల తేదీలు వరసగా రాసుకుంటూ పోతే, ప్రతి తేదీకీ కాస్త ముందు ఒక అంత్యక్రియల తేదీ కనిపిస్తుంది.

బడి చుట్టూ తుపాకీ నిషేధమని చట్టం ఉంది కదా, మరి ఇదెలా కుదురుతుంది?

ఉంది. 1990లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, గన్ ఫ్రీ స్కూల్ జోన్స్ చట్టం చేసింది. టెక్సాస్‌లో ఒక హైస్కూల్ విద్యార్థి కేసులో 1995లో సుప్రీం కోర్టు దాన్ని కొట్టేస్తే, కాంగ్రెస్ మాటలు మార్చి మళ్ళీ తెచ్చింది. కానీ ఆ చట్టంలోనే మినహాయింపులున్నాయి. రాష్ట్రం లైసెన్సు ఇచ్చినవాళ్ళకీ, బడితో ఒప్పందం మీద పనిచేసేవాళ్ళకీ అది అడ్డు రాదు. అందుకే అసలు నిర్ణయం రాష్ట్రాల చేతిలో, అక్కణ్ణుంచి ఊరి స్కూల్ బోర్డు చేతిలో పడింది.

ఏ రాష్ట్రాల్లో అనుమతి ఉంది?

ఏదో ఒక రూపంలో 30కి పైగా రాష్ట్రాల్లో. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్, జార్జియా, ఫ్లోరిడా, ఒహాయో ఇందులో ఉన్నాయి. న్యూయార్క్, కాలిఫోర్నియా వద్దన్నాయి. అనుమతి ఉన్న రాష్ట్రాల్లో కూడా చాలాచోట్ల మీ ఊరి బోర్డు ఒప్పుకుంటేనే అమల్లోకి వస్తుంది. పెద్ద నగరాల బోర్డులు చాలావరకు ఒప్పుకోలేదు.

వాళ్ళకి శిక్షణ ఎంత ఇస్తారు?

ఇక్కడే నాకు కోపమొస్తుంది. ఫ్లోరిడాలో 144 గంటలు. టెక్సాస్ స్కూల్ మార్షల్‌కి 80 గంటలు, మానసిక పరీక్ష కూడా ఉంటుంది. టెనెసీలో 40 గంటలు. ఒహాయోలో 24 గంటలు మించి అక్కర్లేదు.

ఒహాయో కథ కొంచెం వినాలి. ఒక బోర్డు 26 గంటల శిక్షణతో సిబ్బందికి తుపాకీ ఇస్తే తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. చట్టం ప్రకారం పోలీసు స్థాయి శిక్షణ, అంటే 700 గంటలకు పైగా, ఉండాల్సిందేనని 2021లో ఆ రాష్ట్ర సుప్రీం కోర్టు తల్లిదండ్రుల వైపు చెప్పింది. ఏడాది తిరిగేసరికి శాసనసభ చట్టాన్నే మార్చి 700ని 24 చేసింది. టెక్సాస్‌లో ఇంకో దారి ఉంది, దాన్ని 'గార్డియన్ ప్లాన్' అంటారు. దానికింద ఎవరు అర్హులో, ఎంత నేర్చుకోవాలో చాలావరకు బోర్డే తేలుస్తుంది. రాష్ట్రం నడిపే కోర్సు 15 నుంచి 20 గంటలు. మన పిల్లకి కారు నేర్పించడానికే అంతకంటే ఎక్కువ గంటలు పక్కన కూర్చుంటాం.

## ఏ మాట నమ్మాలో తేలనప్పుడు

పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోతుంది. టీచరు దగ్గర తుపాకీ ఉంటే కనీసం ఆపే అవకాశం ఉంటుంది కదా?

అవతలి వైపు అసలైన బలం ఇదే, తేలిగ్గా తీసెయ్యకండి. కొన్ని బడుల్లో కాల్పులు నాలుగైదు నిమిషాల్లో ముగిసిపోయాయి. హైవే నుంచి ఇరవై మైళ్ళు లోపలికున్న పల్లెలో షెరీఫ్ మనుషులు ఆ వేళకి రాలేరు. 1997లో మిసిసిపీలోని పెర్ల్‌లో అసిస్టెంట్ ప్రిన్సిపాల్ తన ట్రక్కులోంచి పిస్తోలు తెచ్చి, ఇద్దరమ్మాయిలను చంపి పారిపోతున్న కుర్రాణ్ణి నిలేశాడు. అది నిజంగా జరిగింది.

మరి ఉవాల్డే? 2022 మే 24న రాబ్ ఎలిమెంటరీకి 376 మంది పోలీసులు చేరారు. తలుపు తీసి లోపలికెళ్ళడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. 'పోలీసులని నమ్ముకోలేం, అందుకే టీచరు చేతికివ్వండి' అని కొందరు దీన్నుంచి తేలుస్తారు. నాకు దీంట్లో ఇంకోటి కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి అదే పనిగా శిక్షణ పొంది, ఒంటికి కవచం తొడుక్కున్నవాళ్ళే ఆ తలుపు ముందు ఆగిపోయారు. నిన్నటిదాకా భిన్నాలు చెప్పిన మనిషి ఆగకుండా వెళ్ళి, గురి తప్పకుండా కాల్చాలని అడుగుతున్నాం. అదీ ఒక్కోసారి తను చదువు చెప్పిన కుర్రాణ్ణే.

గురి సంగతి కూడా. న్యూయార్క్ పోలీసుల కాల్పుల మీద 2008లో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ లెక్క తీసింది. ఎదుటివాడు కూడా కాలుస్తున్నప్పుడు పోలీసు తూటాల్లో తగిలినవి వందకి 18. తగలని మిగతావి ఎక్కడికో పోతాయి. బడి వరండాలో ఆ 'ఎక్కడికో' అన్నచోట పిల్లలుంటారు.

బడిలో తుపాకీ ఉందని తెలిస్తే అసలు దాడికి రారు కదా?

వినడానికి సబబుగా ఉంటుంది. కానీ 1999లో కాల్పులు జరిగిన కొలంబైన్ హైస్కూల్లోనే సాయుధ అధికారి ఉన్నాడు, దుండగులతో కాల్పులు కూడా జరిపాడు. పార్క్‌లాండ్‌లో ఉన్నాడు, బయటే నిలబడిపోయాడు. 2018లో టెక్సాస్ శాంటా ఫే హైస్కూల్లో ఉన్నారు, వాళ్ళలో ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. ఇలాంటి దాడికి వచ్చేవాళ్ళలో చాలామంది బతికి ఇంటికెళ్ళాలని రారు. చావడానికి సిద్ధపడి వచ్చేవాణ్ణి చావు భయం ఆపదు.

అయితే 2024 సెప్టెంబర్‌లో జార్జియాలోని అపలాచీ హైస్కూల్లో బడి పోలీసులు ఎదురుపడగానే 14 ఏళ్ళ కుర్రాడు లొంగిపోయాడు. అప్పటికే ఇద్దరు విద్యార్థులు, ఇద్దరు టీచర్లు పోయారు. కానీ ఆ పోలీసులు లేకపోతే ఇంకా ఎక్కువమంది పోయేవాళ్ళే. అందుకే శిక్షణ ఉన్న బడి పోలీసు విషయంలో నేను అంత ఖండితంగా వద్దనలేను.

దీనివల్ల ప్రాణాలు నిలిచాయని ఎక్కడైనా రుజువైందా?

లేదు. ర్యాండ్ సంస్థ తుపాకీ చట్టాల మీద వచ్చిన పరిశోధనలన్నీ వడపోస్తుంటుంది. బడి సిబ్బందికి ఆయుధాలు ఇచ్చే చట్టాల ఫలితం గురించి, తాము పెట్టుకున్న ప్రమాణాలకి నిలిచే అధ్యయనం దొరకలేదని చెప్పింది. మంచి జరిగిందనీ లేదు, చెడు జరిగిందనీ లేదు. 1980 నుంచి 2019 దాకా జరిగిన 133 ఘటనల మీద 2021లో ఒక వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సాయుధ గార్డు ఉన్న బడుల్లో మరణాలు తగ్గినట్టు కనపడలేదు, పైగా ఎక్కువున్నాయి. దాన్నిబట్టి గార్డుల వల్లే చనిపోయారని ఎవరైనా అంటే నమ్మకండి, ఆ లెక్క అంత మాట చెప్పదు. తుపాకీ ఉంటే రక్షణ ఉన్నట్టే అనే ధీమాకి మాత్రం అది ఆధారం ఇవ్వదు.

టీచర్లు ఏమంటున్నారు?

2022 చివర్లో ర్యాండ్ దేశమంతటా టీచర్లని అడిగింది. తుపాకీలు వస్తే బడి ఇంకా ప్రమాదం అవుతుందన్నవాళ్ళు 54 శాతం, భద్రం అవుతుందన్నవాళ్ళు 20 శాతం, తేడా ఉండదన్నవాళ్ళు 26 శాతం. అయినా అనుమతిస్తే తామే పెట్టుకుంటామన్నవాళ్ళు ఐదోవంతుకి కాస్త తక్కువ, అది చిన్న సంఖ్య కాదు. రెండు పెద్ద టీచర్ల సంఘాలూ వ్యతిరేకం. బడుల్లో పనిచేసే పోలీసుల జాతీయ సంఘం కూడా టీచర్లకి వద్దంది. తుపాకీతో రోజూ బడికొచ్చే మనుషులే వద్దంటున్నారంటే ఆ మాటకి బరువుంది.

ప్రమాదవశాత్తు పేలిన సంఘటనలు ఉన్నాయా?

ఉన్నాయి. 2014లో యూటాలో ఒక టీచరు స్టాఫ్ బాత్‌రూంలో ఉండగా తన పిస్తోలు పేలి కాలికి గాయమైంది. 2018 మార్చిలో కాలిఫోర్నియాలోని సీసైడ్‌లో ఒక టీచరు, ఆయన రిజర్వు పోలీసు కూడా, తుపాకీ భద్రత గురించి పాఠం చెబుతూ క్లాసులో పొరపాటున పైకప్పులోకి కాల్చాడు, ముక్కలు పడి పిల్లలకి దెబ్బలు తగిలాయి. 2023లో టెక్సాస్‌లోని రైజింగ్ స్టార్‌లో సూపరింటెండెంట్ తన తుపాకీని బడి బాత్‌రూంలో మర్చిపోతే మూడో తరగతి పిల్లవాడికి దొరికింది.

వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కాదు. మనం కళ్ళజోడు మర్చిపోతాం, తాళంచెవులు మర్చిపోతాం. వీళ్ళు మాత్రం తుపాకీని రోజూ, ఏడాదికి 180 రోజులు, మర్చిపోకుండా ఉండాలి.

ఇంకే దేశంలోనైనా టీచర్లకి ఇచ్చారా?

2014 డిసెంబర్‌లో పెషావర్ సైనిక పాఠశాల మీద తాలిబన్లు దాడి చేసి 130 మందికి పైగా పిల్లల్ని చంపాక, పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రం టీచర్లకి ఆయుధాలు అనుమతించింది. తమ పని చదువు చెప్పడమని అక్కడి టీచర్ల సంఘాలు అప్పుడే అభ్యంతరం చెప్పాయి.

## పిల్లల్ని బడిలో చేర్చాక

మా బడిలో ఎవరి దగ్గర తుపాకీ ఉందో నాకు చెప్తారా?

పేరు చెప్పరు. దాడికి వచ్చేవాడికి తెలియకూడదని చాలా రాష్ట్రాలు రహస్యంగా ఉంచుతాయి. టెనెసీలో ఏ టీచరో తల్లిదండ్రులకీ చెప్పకూడదని చట్టంలోనే ఉంది.

టెక్సాస్‌లో మాత్రం ఒక చిన్న తలుపు తెరిచి ఉంది, మనవాళ్ళలో చాలామందికి తెలియదు. పిల్లవాడు చదివే బడిలో స్కూల్ మార్షల్‌గా నియమితులైన ఉద్యోగి ఎవరైనా ఉన్నారా అని తల్లిదండ్రులు రాతపూర్వకంగా అడిగితే, ఉన్నారో లేదో డిస్ట్రిక్టు రాతపూర్వకంగా చెప్పాలి. పేరు రాదు, సంఖ్య రాదు. ఉన్నారో లేరో మాత్రం తెలుస్తుంది. రెండు వాక్యాల ఈమెయిల్ చాలు: బడి పేరు, పిల్లవాడి తరగతి, ప్రశ్న. గార్డియన్ ప్లాన్ విషయం విడిగా అడగండి, అది వేరే దారి.

వద్దంటే క్లాసు మార్పిస్తారా?

అడగొచ్చు, కానీ అది హక్కు కాదు. ఏ టీచరు దగ్గర ఉందో మీకు తెలియదు కనుక ఏ క్లాసు నుంచి మార్చమని అడుగుతారు?

లాక్‌డౌన్ డ్రిల్ అంటే ఏం చేస్తారు? టీచరు పని ఏంటి అప్పుడు?

కాగితాలు కత్తిరించి పెట్టడానికి ఒక రోజు రెండో తరగతి గదికి వాలంటీరుగా వెళ్ళాను. మధ్యలో స్పీకర్లో 'లాక్‌డౌన్' అని వినిపించింది. డ్రిల్ అని టీచరుకి తెలుసు, నాకు తెలియదు.

ఆవిడ రెండంగల్లో తలుపు దగ్గరికి వెళ్ళి, తాళం పడిందో లేదో రెండుసార్లు లాగి చూసింది. తలుపు అద్దం మీదకి నల్లగుడ్డ దించింది. లైటు ఆర్పింది. 21 మంది పిల్లలు సింకు పక్క మూలకి, తలుపులోంచి కనపడని చోటికి, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను. ఆవిడ మెడలోని ఐడీ కార్డుకి తాళంచెవులున్నాయి, చప్పుడవకుండా వాటిని పిడికిట్లో బిగించి పట్టుకుంది. ఒక పిల్లాడికి వెక్కిళ్ళు వచ్చాయి. వాడు రెండు చేతులతో నోరు మూసుకుని, భయంగా ఆవిడ వంక చూశాడు. ఆవిడ ఖాళీగా ఉన్న చెయ్యి వాడి వీపు మీద పెట్టి, వెక్కిళ్ళు ఆగేదాకా తియ్యలేదు. బయటెవరో తలుపు గొళ్ళెం కదిలించారు. తనిఖీ కోసమని తర్వాత తెలిసింది. ఒక్క పిల్ల కదల్లేదు. ఏడేళ్ళ పిల్లలు.

లైటు వేశాక స్పెల్లింగ్ పాఠం ఆగినచోట నుంచి మొదలైంది. నేను కత్తెర పట్టుకోలేకపోయాను.

ఈ వాదన ఎప్పుడొచ్చినా నాకు ఆ రెండు చేతులే గుర్తొస్తాయి. ఒక చేతిలో తాళాలు, ఒక చెయ్యి బిడ్డ వీపు మీద. తుపాకీ పట్టుకోవాలంటే అందులో ఒకటి వదిలెయ్యాలి. బయట వరండాలోకి వెళ్ళాలంటే 21 మందినీ వదిలెయ్యాలి.

ఫోన్‌కి 'సెక్యూర్' అని మెసేజ్ వచ్చింది. పరుగెత్తాలా?

వద్దు. చాలా బడులు వాడే పద్ధతిలో ఐదు మాటలుంటాయి. 'హోల్డ్' అంటే వరండాల్లోకి రావద్దు, లోపల ఎవరికో వైద్యం అవసరమై ఉండొచ్చు. 'సెక్యూర్' అంటే ప్రమాదం బయట ఉంది, బయటి తలుపులు మూసి లోపల పాఠాలు మామూలుగా జరుగుతున్నాయి. 'లాక్‌డౌన్' అంటే ప్రమాదం లోపల. 'ఎవాక్యుయేట్' అంటే బయటికి తీసుకెళ్తున్నారు. 'షెల్టర్' తుఫాను, సుడిగాలి లాంటివాటికి. లాక్‌డౌన్‌లో కూడా బడి గేటు దగ్గరికి కాకుండా, వాళ్ళు చెప్పిన చోటికే వెళ్ళండి. పిల్లని అప్పగించేటప్పుడు ఫోటో ఐడీ అడుగుతారు, పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి వెళ్ళిన నాయనమ్మ తాతయ్యలు అక్కడ ఇబ్బంది పడతారు.

## బడిలో పనిచేసేది మనవాళ్ళే అయితే

నేను హెచ్‌1బీ మీద సైన్స్ టీచర్ని. నన్నూ తుపాకీ పెట్టుకోమంటారా?

పెట్టుకోమన్నా మీరు పెట్టుకోకూడదు. హెచ్‌1బీ, హెచ్‌4, జె1, ఎఫ్1 లాంటి తాత్కాలిక వీసాల మీద వచ్చినవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గరుంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్ళ వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సరదాగా షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి అద్దె తుపాకీ పట్టుకుని ఫోటో దిగే మన కుర్రాళ్ళు ఇది తెలుసుకోవాలి. దగ్గరుంచుకోవడం అంటే కొనడమే కాదు, చేతిలోకి తీసుకోవడం కూడా. దీంతో గ్రీన్ కార్డు దాకా చిక్కులు రావచ్చు. సందేహముంటే ముందు ఇమిగ్రేషన్ లాయర్ని అడగండి.

వద్దంటే ఉద్యోగం పోతుందా?

ఈ కార్యక్రమాలన్నీ స్వచ్ఛందం. ఫ్లోరిడా చట్టం ఆ మాట స్పష్టంగానే రాసింది. 'నేను చెయ్యను' అంటే సరిపోతుంది, కారణం చెప్పనక్కర్లేదు.

నేను సిటిజన్‌ని, మా ప్రిన్సిపాల్ అడిగారు. పిల్లల కోసం ఒప్పుకోవాలనిపిస్తోంది.

ఆ మనసుకి దండం. సంతకం పెట్టేముందు మాత్రం నాలుగు విషయాలు కాగితం మీద రాయించుకోండి. తూటా తప్పి పిల్లకి తగిలితే కేసు ఎవరి మీద, లాయరు ఖర్చు ఎవరిది, బీమా వర్తిస్తుందా, ఏటా మళ్ళీ శిక్షణ ఎవరిస్తారు. 2013లో కాన్సస్‌లో సిబ్బందికి తుపాకులిస్తే బడికి బీమా చెయ్యబోమని అక్కడి పెద్ద బీమా సంస్థే చెప్పింది.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. పోలీసులు లోపలికొచ్చినప్పుడు మీరు మఫ్టీలో, చేతిలో తుపాకీతో ఉంటారు. 2021లో కొలరాడోలోని ఆర్వాడాలో దుండగుణ్ణి కాల్చి ఆపిన ఒక పౌరుణ్ణి, అతనే దుండగుడనుకుని పోలీసు కాల్చేశాడు. చామనఛాయ మనిషిగా నేను ఆ వార్త రెండుసార్లు చదివాను.

## బోర్డు ముందుకి వచ్చినప్పుడు

మా డిస్ట్రిక్టుకి ఇంత హఠాత్తుగా ఈ ఆలోచన ఎందుకొచ్చింది?

టెక్సాస్ అయితే కారణం డబ్బు. 2023లో వచ్చిన హౌస్ బిల్ 3 అనే రాష్ట్ర చట్టం ప్రకారం ఆ సెప్టెంబర్ నుంచి ప్రతి క్యాంపస్‌లో ఒక సాయుధ అధికారి ఉండాలి. రాష్ట్రంలో క్యాంపస్‌లు సుమారు 9,000. అప్పుడు రాష్ట్రం కేటాయించింది ఒక్కో క్యాంపస్‌కి ఏటా 15,000 డాలర్లు, విద్యార్థికి 10 డాలర్లు. ఆ డబ్బుతో ఒక పోలీసు జీతం రాదు. మనుషులూ దొరకరు. అలాంటప్పుడు సరైన కారణం చూపించి, బదులుగా శిక్షణ పొందిన ఉద్యోగికి తుపాకీ ఇవ్వొచ్చని చట్టమే దారి చూపింది. చాలా బోర్డులు ఆ దారి పట్టింది నమ్మకంతో కాదు, లెక్క కుదరక.

సిటిజన్ కానివాళ్ళు బోర్డు సమావేశంలో మాట్లాడొచ్చా?

మాట్లాడొచ్చు. ఓటు మాత్రమే లేదు. టెక్సాస్‌లో అజెండాలో ఉన్న ప్రతి అంశం మీదా, బోర్డు దాన్ని చేపట్టేముందో, చర్చిస్తున్నప్పుడో ప్రజలకి మాట్లాడే అవకాశం ఇవ్వాలి. చాలాచోట్ల ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. సాధారణంగా మూడు నిమిషాలు, జనం ఎక్కువైతే ఇంకా తగ్గిస్తారు. భద్రత వివరాలు మూసిన గదిలో చర్చిస్తారు, అయినా ఓటు మాత్రం బహిరంగంగానే వెయ్యాలి. మన యాస గురించి సంకోచం వద్దు. ఒక తల్లి కాగితం చూసి తడబడుతూ చదివిన నాలుగు వాక్యాలకి హాలంతా నిశ్శబ్దమవడం నేను చూశాను.

ఏం అడగాలి?

'వద్దు' అని అరిచేకంటే ప్రశ్న పదునుగా ఉంటుంది. ఎన్ని గంటల శిక్షణ, అందులో పిల్లల మధ్య, చీకట్లో, ఒత్తిడిలో కాల్చే సాధన ఎంత? మానసిక పరీక్ష ఒక్కసారేనా, ఏటానా? తుపాకీ ఒంటి మీదా, పెట్టెలోనా? పీటీ పీరియడ్‌లో పరుగెత్తేటప్పుడు, కిండర్‌గార్టెన్ పిల్ల నడుం చుట్టూ చేతులేసి కౌగిలించుకున్నప్పుడు అది ఎక్కడుంటుంది? ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే విడదీసే టీచరు దగ్గర అది ఉంటే ఏం చెయ్యాలని రాసిపెట్టారు? పోయినా, దొరికినా తల్లిదండ్రులకి ఎన్ని గంటల్లో చెప్తారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు రాసి ఉండని బోర్డులే ఎక్కువ.

సరే, తుపాకీ వద్దంటున్నాం. బదులుగా ఏం చెయ్యమని అడగాలి?

తాళాలు. చప్పగా ఉంటుంది కానీ అదే. శాండీ హుక్ తర్వాత వేసిన సలహా సంఘం 2015 నివేదికలో, లోపలినుంచి తాళం పడే తలుపు ప్రతి తరగతికీ ఉండాలని మొట్టమొదట చెప్పింది. ఉవాల్డేలో ఒక తరగతి తలుపు తాళం సరిగ్గా పడదని ముందే తెలుసు, బాగు చెయ్యలేదు. మీ పిల్లల గది తలుపు లోపలినుంచి పడుతుందా? ఒకసారి అడగండి. టెక్సాస్ 2023 చట్టంతో ప్రతి గదికీ చప్పుడు చెయ్యని పానిక్ బటన్ తప్పనిసరి చేసింది, అది పనిచేస్తోందో లేదో అడగండి.

రెండోది కౌన్సెలర్లు. ప్రెసిడెంట్‌కి కాపలా ఉండే సీక్రెట్ సర్వీస్, బడుల మీద 2008 నుంచి 2017 దాకా జరిగిన 41 దాడులు పరిశీలించి, దాడి చేసిన ప్రతి ఒక్కరిలోనూ ముందే ఆందోళన కలిగించే ప్రవర్తన కనిపించిందని, చాలామంది తమ ఉద్దేశం ఎవరికో ఒకరికి చెప్పారని తేల్చింది. చెప్పింది వినే మనిషి బడిలో ఉండాలి. ఒక కౌన్సెలరు ఎంతమంది పిల్లల్ని చూస్తున్నారో అడిగితే వచ్చే సంఖ్య మిమ్మల్ని ఆశ్చర్యపరుస్తుంది.

## ఇంట్లో

బడిలో కాల్చే పిల్లలకి అసలు తుపాకీ ఎక్కడిది?

ఎక్కువగా ఇంటిదే. ఆ 2008–2017 దాడుల పరిశీలనలోనే, తుపాకీ వాడినవాళ్ళలో నాలుగింట మూడొంతుల మంది అది తమ తల్లిదండ్రుల ఇంట్లోంచో, దగ్గరి బంధువుల ఇంట్లోంచో తెచ్చుకున్నారు. 2021లో మిషిగన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. కాల్చిన కుర్రాడికి ఆ తుపాకీని తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నాడు. ఆ ఉదయం బడివాళ్ళు పిలిచి వాడు గీసిన బొమ్మ చూపించినా తల్లిదండ్రులు ఇంటికి తీసుకెళ్ళలేదు. 2024లో ఇద్దరికీ కనీసం పదేళ్ళ చొప్పున జైలు పడింది. 2023లో వర్జీనియాలో టీచర్ని కాల్చిన పిల్లవాడి వయసు ఆరేళ్ళు. వాడు తెచ్చింది వాళ్ళమ్మ తుపాకీ.

మనవాళ్ళలో కూడా, సిటిజన్‌షిప్ వచ్చాక ఇంటి రక్షణకని కొనేవాళ్ళు పెరిగారు. కొంటే తాళమేసే పెట్టె అదే రోజు కొనండి. తూటాలు వేరుగా, వేరే తాళంలో. చీరల బీరువా పై అర తాళం కాదు. టెక్సాస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా నిండిన తుపాకీ వదిలెయ్యడం నేరం.

ఇండియాలో అమ్మానాన్న టీవీలో చూసి 'వచ్చెయ్యండి' అంటున్నారు. ఏం చెప్పాలి?

2023 మేలో డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఎనిమిది మంది చనిపోయారు, వాళ్ళలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక యువ ఇంజనీరు ఉంది. ఆ వారం మా ఇంటికీ రోజుకి మూడు ఫోన్లు. వాళ్ళ భయాన్ని కొట్టిపారెయ్యకండి. ఈ దేశంలో పిల్లల, టీనేజర్ల చావులకి తుపాకీ మొదటి కారణమైంది, అది నిజం. కానీ హత్యకి గురయ్యే బడి ఈడు పిల్లల్లో బడిలో చనిపోయేవాళ్ళు మూడు శాతం లోపే. ఎక్కువ భాగం ఇళ్ళలో, వీధుల్లో. ఈ రెండూ చెప్పండి, ఆ తర్వాత పిల్లలకి ఫోన్ ఇవ్వండి. మనవరాలి గొంతు చేసే పని లెక్కలు చెయ్యవు.

స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు 'మీ ఇంట్లో తుపాకీ ఉందా' అని అడిగితే ఏమనుకుంటారో?

ఏమీ అనుకోరు, అలవాటు చేసుకోవాలంతే. నేను పంపే మెసేజ్ ఇది: 'శనివారం మావాడు వస్తున్నాడు. వాడికి వేరుశెనగ పడదు, పెద్ద కుక్కలంటే భయం. ఇంట్లో తుపాకీ ఉంటే తాళంలోనే ఉంది కదా? అందరినీ అడుగుతాను, ఏమీ అనుకోవద్దు.' వేరుశెనగ పక్కన పెడితే అడగడం తేలిక. మొదటిసారి పంపి పావుగంట ఫోన్ వంక చూస్తూ కూర్చున్నాను. వేటకెళ్ళే అలవాటున్న ఇల్లది. శనివారం ఆ తండ్రి తనే మా వాణ్ణి లోపలికి పంపి, నన్ను గరాజ్‌లోకి తీసుకెళ్ళి నేలకి బిగించిన ఇనప్పెట్టె చూపించాడు. తూటాల పెట్టె ఇంకో గదిలో ఉందన్నాడు. మా ఇంటికి వాళ్ళ అమ్మాయి వచ్చేముందు ఆయనా అదే ప్రశ్న పంపాడు.